విమానాలు మానుకోని శ్యామలాంబ గారు

శ్రీమతి కొప్పనాతి శ్యామలాంబ గారు 1988వ సంవత్సరం ఆగస్టు పదిహేడవ తేదీ, బుధవారం నాడు, మన నీటిపారుదల డివిజను కార్యాలయపు డ్రాయింగు శాఖలో ట్రేసరుగా ఉద్యోగ బాధ్యతలు స్వీకరించారు. ముప్పై ఏడు సంవత్సరాల ఏడు నెలల అవిచ్ఛిన్న సేవానంతరం, ఈ మార్చి ముప్పై ఒకటిన సీనియర్ డ్రాఫ్ట్స్‌మన్ హోదాలో పదవీ విరమణ చేస్తున్న ఆమెను అభినందిస్తూ నాలుగు మాటలు రాయవలసిందిగా సంచిక సంపాదకవర్గం ఈ వ్యాసకర్తను కోరింది. కోరుతూనే, విమానాల ప్రస్తావన లేకుండా రాస్తే అందరికీ బాగుంటుందని ఎంతో మర్యాదగా సూచించింది. ఆ సూచనను అంతే మర్యాదగా పక్కన పెట్టడమైనది. శ్యామలాంబ గారి గురించి విమానాలు లేకుండా రాయడమంటే మన డెల్టా గురించి కాలువలు లేకుండా రాయడమే. అందరికీ బాగుండాలని ఆవిడ ఏనాడూ ఏ పనీ చేయలేదు. ఈ వ్యాసం కూడా అందుకు రాస్తున్నది కాదు.

ఈ వ్యాసం రాస్తున్నది తాతాజీ. ఇదే కార్యాలయంలో డిప్యూటీ ఇంజనీరు, ముప్పై ఏళ్లుగా ఆమెకు సహోద్యోగి. అతని నడవడిక కూడా ఈ కథనంలో చర్చకు వస్తుంది గనుక, తన గురించి కూడా పరాయి మనిషి గురించి రాసినట్టే రాసుకుంటున్నాడు. అలాగైతేనే దాపరికం లేకుండా రాయగలనని అతని నమ్మకం.

శ్యామలాంబ గారు సముద్రపు వేటను నమ్ముకున్న కుటుంబంలో, తీరాన పుట్టారు. తండ్రి, తమ్ముడు పడవ మీదికి వెళితే, ఆమె కాకినాడ వెళ్లి ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు పూర్తి చేశారు. ఉద్యోగంలో చేరిన తొలి దశాబ్దమంతా నల్లసిరాతో, రూళ్లకర్రతో, గీత తప్పితే గీకడానికి సగం విరిచిన బ్లేడు ముక్కతో గడిచింది. ఆ బ్లేడు ముక్కతో ఆమెకు పెద్దగా పని పడలేదని అప్పటి సీనియర్లు చెప్పుకునేవారు. 1996 నవంబరు తుఫాను కోనసీమను కకావికలు చేసినప్పుడు, తెగిన గట్లన్నింటికీ కొత్త పటాలు కావలసి వస్తే, పందొమ్మిది రోజుల పాటు ఆ కుర్చీ ఖాళీగా కనబడలేదు. ఆ ఏడాదే ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజనీరుగా, చేరిన తాతాజీకి పటం చూసి కాలువను ఊహించుకోవడం నేర్పినది కూడా ఆమే. కాలేజీలో నాలుగేళ్లు చదివినా ఎక్కని విద్య ఆమె బల్ల పక్కన రెండు నెలలు నిలబడితే ఎక్కింది.

ఇక విమానాల సంగతి. 1997లో ఏదో పని మీద రాజమండ్రి వెళ్లిన శ్యామలాంబ గారు ఒక ట్రావెల్స్ దుకాణంలో, అద్దాల బీరువాలో పెట్టిన విమానపు బొమ్మను చూసి ఆగిపోయారు. లోపలికి వెళ్లి, హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ ఉండే స్కేలు తీసి, యజమాని వద్దంటున్నా కొలిచారు.

"ఈ తోక పొట్టిగా ఉందండి," అన్నారు.

"మీరు విమానం ఎక్కారా ఎప్పుడైనా?" అని ఆయన నవ్వాడట.

"లేదండి. తోక మాత్రం పొట్టే."

ఆకాశంలో ఎగరాలన్న కోరిక తీరక ఆమె ఈ పనికి దిగారని మనలో చాలామంది జాలిపడుతూ ఉంటారు. దయచేసి ఆ జాలి ఇకనైనా మానుకోవలసిందిగా విజ్ఞప్తి. అబద్ధపు కొలతను అద్దాల బీరువాలో పెట్టి జనానికి చూపిస్తున్నారన్న కోపంతో ఆమె మొదలుపెట్టారు. ఆ కోపం ఇరవై తొమ్మిదేళ్లుగా చల్లారలేదు. ఆమె చేసిన ప్రతి విమానమూ ఆ దుకాణదారుడి నవ్వుకు జవాబే అనుకున్నా తప్పులేదు.

ఆమె పని తీరు గురించి కుటుంబసభ్యులకు తెలిసినంతగా మనకు తెలియదు. విమాన సంస్థలకు ఉత్తరాలు రాసి తెప్పించుకున్న కరపత్రాలు, పాత పత్రికలు, మధురపూడి విమానాశ్రయం కంచె ఇవతల నిలబడి తీసుకున్న ఫొటోలు ముందు పెట్టుకుని, ఆమె విమానాన్ని అచ్చం కాలువను గీసినట్టే గీస్తారు. ముక్కు దగ్గర సున్నా ఛైనేజీ, అంటే దూరం లెక్క మొదలయ్యే చోటు. అక్కడి నుంచి తోక దాకా సెంటీమీటరుకొక అడ్డుకోత, అంటే అక్కడ అడ్డంగా కోస్తే కనబడే ఆకారపు పటం. వీరబాబు గారు, అంటే ఆమె భర్త, ఐస్ ఫ్యాక్టరీలో పనిచేసినన్నాళ్లూ ఏటేటా ఇంటికి తెచ్చిన క్యాలెండర్ల వెనుకవైపు తెల్లని కాగితమే ఆమె డ్రాయింగు షీటు. ఆఫీసు కాగితం ఒక్కటి కూడా ఆమె ఇంటి గడప దాటలేదు. ఈ మాట ఇక్కడ ఊరికే రాయడం లేదు.

ఆ అడ్డుకోతల ప్రకారం అట్టతో మూసలు కత్తిరించి, అతికించిన టేకు ముక్కలను చెక్కుతూ, గీకుతూ, ప్రతి సెంటీమీటరు దగ్గరా మూస ఆనించి చూస్తూ, వెలుతురు కనబడితే మళ్లీ గీకుతూ, అసలు విమానాన్ని నూట నలభై నాలుగో వంతుకు కుదించి తొలి ప్రతిని తయారు చేస్తారు. రెక్కలు, తోక పలుచని ప్లాస్టిక్ రేకుతో. పుట్టీ పూసి, తడిపి వాడే గరుకు నీటి కాగితంతో రుద్ది, ప్రైమరు కొట్టి, వెలుతురులో తిప్పి చూసి, మళ్లీ పుట్టీ. ఒక్కో తొలి ప్రతికి ఎనిమిది నెలలు తక్కువ కాదు. కిట్టు కొని అతికించేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. కొలత నుంచి పుట్టించేవాళ్లు మాత్రం మన ధవళేశ్వరంలో ఒక్కరే ఉన్నారు.

తొలి ప్రతి పూర్తయ్యాక దాన్ని సగం లోతు వరకు బంకమట్టిలో దించి, చుట్టూ అట్టగోడ కట్టి, మీద సిలికాన్ రబ్బరు పోస్తారు. అది గట్టిపడ్డాక తిరగేసి రెండో సగం పోస్తారు. రెండు సగాల అచ్చు సిద్ధమైతే, ఇక అందులో పోసేది రెజిన్, గట్టిపడే జిగురు ద్రవం. ఈ విద్య ఆమెకు పుట్టింటి నుంచి వచ్చింది. తమ్ముడు అబ్బులు తీరంలో ఫైబర్ పడవలకు మరమ్మతులు చేస్తాడు. వేసవిలో వేట నిషేధించిన రెండు నెలలూ పడవలన్నీ ఇసుక మీదే ఉంటాయి గనుక, రెజిన్ డబ్బాలు తెరిచి ఉండేదీ అప్పుడే. శ్యామలాంబ గారి సెలవులు కూడా పాతికేళ్లకు పైగా ఆ రోజుల్లోనే ఉండేవని సెలవుల రిజిస్టరు చూసినవారికి తెలుసు. ఎండ ముదిరితే కలిపిన రెజిన్ గిన్నెలోనే బిగుసుకుపోతుంది. కనుక తెల్లవారగానే కలపాలి, బుడగ లేకుండా సన్నని ధారగా పోయాలి.

"అక్కా, పడవకి చిల్లు పడితే ప్రాణాలు పోతాయి. నీ బొమ్మకి బుడగొస్తే ఏమవుద్దేంటి?" అని అబ్బులు ఒకసారి అడిగాడట.

"కనపడుద్దిరా," అన్నారట ఆవిడ. ఆ మాటతో ఆ చర్చ ముగిసింది.

1999 నుంచి మన కార్యాలయంలో పదవీ విరమణ చేసిన ప్రతివారికీ ఆ రెజిన్ ప్రతుల్లో ఒకటి, రంగులు వేసి, తోక మీద వారు ఉద్యోగంలో చేరిన సంవత్సరం రాసి, ఆమె స్వయంగా ఇంటికి తీసుకెళ్లి ఇస్తూ వచ్చారు. ముప్పై ఒక్క ఇళ్లలో అవి ఉన్నాయి. 2009లో జరిగిన ఒక సంగతి చెబితే ఆమె స్వభావం బోధపడుతుంది. జానెడు పొడవున్న ఏటీఆర్ విమానపు ప్రతులు ఆరు పంచేసిన తరువాత, ఎడమవైపు కిటికీ ఒకటి తక్కువ చెక్కానని ఆమెకు తెలిసింది. ఎవరూ గమనించలేదు, గమనించరు కూడా. అయినా వరుసగా నాలుగు ఆదివారాలు ఆరు ఇళ్లకూ తిరిగి, ఆరింటినీ వెనక్కి అడిగి తీసుకుని, అచ్చును కత్తితో కోసి పారేసి, మళ్లీ మొదటి నుంచి చేసి ఇచ్చారు. పిఠాపురంలో స్థిరపడ్డ ఒక పెద్దాయన, "ఉన్నదే బాగుందమ్మా, ఉంచెయ్యి," అంటే, "మొదటిదాన్లో తప్పు పడితే ఎన్ని తీస్తే అన్నింట్లోనూ పడుద్దండి, ఇచ్చెయ్యండి," అని పట్టుకొచ్చేశారు. తన తప్పును తానే ఇల్లిల్లూ తిరిగి చెప్పుకున్న మనిషి ఆవిడ. ఈ సంగతి గుర్తుంచుకుని తరువాతిది చదవాలని మనవి.

నలభై మూడో ఏట కంప్యూటరు మీద గీయడం నేర్చుకుని, తనకన్నా ఇరవై ఏళ్లు చిన్నవారికి నేర్పిన ఈ ఉద్యోగిని సేవా జీవితంలో ఒకే ఒక్క మెమో ఉంది. గత ఏప్రిల్‌లో ఒక పిల్లకాలువ అడ్డుకోతల కట్ట, నలభై రెండు పేజీలు, ఆమె సంతకంతో పై కార్యాలయానికి వెళ్లింది. అక్కడ తెరిచి చూస్తే నలభై మూడు ఉన్నాయి. ఇరవై మూడో పేజీలో ఉన్నది కాలువ కాదు, విమానపు పొట్ట. ఛైనేజీలు కాలువకు వేసినట్టే ఉన్నాయి, గీత కూడా ఆమెదే. కిటికీల వరుసను చూపే గీతను పూర్తి నీటిమట్టం అనుకున్న పై అధికారి గారు, "ఈ కాలువ గుండ్రముగా ఏల ఉన్నది? పైకప్పునకు మంజూరు ఎవరిచ్చిరి?" అని మార్జిన్‌లో ఎర్రసిరాతో రాశారు. అసలు సంగతి తెలిశాక ఆయన నవ్వి ఊరుకుని ఉంటే ఇంత కథ లేదు. తాను విమానానికి నీటిమట్టం చూశానన్నది బయటికి పొక్కడంతో ఆయనకు పట్టరాని కోపం వచ్చింది.

మెమో వచ్చింది. ఆఫీసు కాగితాన్ని, ఆఫీసు సమయాన్ని సొంత వ్యాపకానికి వాడుకున్నారని అభియోగం. వెనకాలే ఒక కబురు కూడా వచ్చింది. రెండు వాక్యాలు రాసిస్తే ఫైలు మూసేస్తారట. మొదటిది, ఆ పేజీ కట్టలో చేరినందుకు చింతిస్తున్నానని. రెండోది, ఇకమీదట విమానపు నమూనాల తయారీ వంటి వ్యాపకములకు పాల్పడనని హామీ ఇస్తున్నానని.

శ్యామలాంబ గారు మొదటి వాక్యం రాసి, కింద సంతకం పెట్టి పంపారు. ఒక వాక్యం తక్కువైందని కాగితం తిరిగి వచ్చింది. మళ్లీ అదే ఒక్క వాక్యం పంపారు. మళ్లీ వచ్చింది. మూడోసారి కూడా అంతే.

"రాసేయండి శ్యామలాంబ గారూ," అని తాతాజీ స్వయంగా వెళ్లి చెప్పాడు. "కాయితం మీదే గదండీ. ఇంట్లో ఏం చేసుకుంటున్నారో ఎవరొచ్చి చూస్తారు?"

"కాయితం మీద రాసింది అబద్ధమైతే ఇన్నాళ్లూ నేను గీసినవన్నీ ఏంటండీ మరి?" అన్నారామె.

"విచారణ పెండింగులో ఉంటే రిటైర్మెంటు ఎలాగండీ? ఏ మచ్చా లేదని సర్టిఫికెట్ ఇవ్వరు. మచ్చతో బయటికెళ్తారా ఇన్నేళ్లు చేసి?"

"మచ్చ వాళ్లు పెట్టారు, వాళ్లే తుడుచుకోవాలి. నేను మాత్రం రాయను."

రాయలేదు. పదకొండు నెలలు గడిచాయి. వెళ్లిపోయే రోజు దగ్గరపడే కొద్దీ, పెండింగు ఏదీ లేదన్న ఆ ఒక్క ధ్రువపత్రం లేకుండా, ఏదో నేరం చేసినదానిలా ఆమె ఈ మెట్లు దిగవలసి వస్తుందేమోనని కార్యాలయమంతా గుసగుసలాడింది. శ్యామలాంబ గారు మాత్రం నిరుటి వేసవి సెలవుల్లోనే, మునుపెన్నడూ చేపట్టనంత పెద్ద విమానానికి, నాలుగు ఇంజన్ల మూరెడు జంబోకు, పని మొదలుపెట్టారు. ఈ జనవరిలో దాని తొలి ప్రతిని సంచిలో తెచ్చి, తన బల్ల మీద, వచ్చేపోయే అందరి కళ్లూ పడే చోట పెట్టి, పక్కనే కూర్చుని కాలువలు గీశారు. తనిఖీకి వచ్చినవారు దాన్ని చూశారు, ఆమెను చూశారు, తమ దారిన వెళ్లారు. ముప్పై ఏళ్లలో తాతాజీ ఈ కార్యాలయంలో చూసిన గొప్ప దృశ్యం అదే.

వీడ్కోలు కానుకగా ఆమెకు హైదరాబాదుకు విమానం టిక్కెట్టు కొనాలని మనవాళ్లు అనుకున్నారు. ఆమె ససేమిరా అన్నారు. "ఎక్కితే లోపలుంటాను గదండీ. ఆకారం ఎలా కనపడుద్ది? కంచె దగ్గరైతే ఆటో చాలు," అన్నారు. ఆమెను నొప్పించామేమోనని బాధపడ్డవారు బాధపడనక్కరలేదు. ఆమెకు నిజంగానే అక్కరలేదు.

ఇప్పుడు తాతాజీ సంగతి.

ఆ ఏప్రిల్‌లో ఇద్దరు కొత్త ఇంజనీర్లు కార్యాలయంలో చేరారు. అడ్డుకోత ఎంత శుభ్రంగా గీయవచ్చో వారికి చూపించాలని, తాతాజీ శ్యామలాంబ గారిని అడిగి, ఆమె ఇంటి నుంచి తెచ్చిన క్యాలెండరు కాగితం మీది విమానపు పటాన్ని ఆఫీసు మిషను మీద, ఆఫీసు కాగితం మీద జిరాక్సు తీశాడు. అసలు పటం ఆమెకు తిరిగి ఇచ్చేశాడు. నకలు తన బల్ల మీద ఉండిపోయింది. అదే మధ్యాహ్నం, ఆమె లెక్కపెట్టి సంతకం పెట్టిన నలభై రెండు పేజీల కట్టను కూడా పిన్నులు విప్పి, ఒక పేజీ నకలు తీసుకుని, మళ్లీ సర్ది పిన్నులు కొట్టింది అతనే. విమానాన్ని కాలువలో కలిపింది తాతాజీ. ఆఫీసు కాగితం వాడింది తాతాజీ. మెమో వచ్చిన గంటలోనే అతనికి ఈ సంగతి తెలిసింది. అప్పుడు అతని పదోన్నతి కాగితాలు పైన ఉన్నాయి. ఏఈగా ఇరవై తొమ్మిదేళ్లు పడి ఉన్నవాడికి మెమో ఒకటి తగిలితే అవి ఎక్కడివక్కడే ఆగిపోతాయి. అతను నోరు మూసుకున్నాడు. జూలైలో డిప్యూటీ అయ్యాడు. పైపెచ్చు, ఆమె దగ్గరికి వెళ్లి, రెండో వాక్యం రాసేయమని హితబోధ చేశాడు. ఇంత సిగ్గుమాలిన పని తన సర్వీసులో మరొకటి లేదని అతను ఇక్కడ, ఆమె కుటుంబసభ్యులు, తన కుటుంబసభ్యులు చదివే ఈ సంచికలో, ఒప్పుకుంటున్నాడు.

ఈ నెల మొదటివారంలో, ఇదంతా రాసిస్తున్నానని అతను ఆమెకు చెప్పాడు. శ్యామలాంబ గారు జంబో తోకను నీటి కాగితంతో రుద్దుతున్నారు. చేయి ఆపలేదు.

"ఎందుకండీ ఇప్పుడు? మొదటి వాక్యం నేనెప్పుడో ఇచ్చేశాను గదా."

"అది మీది కాదండీ. నాది."

"నాకు తెలుసండీ. నలభై రెండు లెక్కపెట్టి పెట్టాను సంతకం."

"తెలిసీ చెప్పలేదేంటండీ మరి?"

"చెప్పాల్సింది నేనాండీ?"

ఆమె తోకను వెలుతురులోకి ఎత్తి చూసుకుని మళ్లీ రుద్దడం మొదలుపెట్టారు.

మార్చి తొమ్మిదిన తాతాజీ తన పేరుతో, తన సంతకంతో, ఆ పేజీ కట్టలో చేరినందుకు తానే బాధ్యుడినని, అందుకు చింతిస్తున్నానని పై కార్యాలయానికి రాతపూర్వకంగా తెలియజేశాడు. శ్యామలాంబ గారి మీది అభియోగం తొలగించి, పదవీ విరమణ నాటికి ధ్రువపత్రం ఇవ్వవలసిందిగా కోరాడు. సంచిక అచ్చుకు వెళుతున్న ఈ రోజు వరకు ధ్రువపత్రం రాలేదు. వచ్చినా రాకపోయినా, ఆమె ఈ కార్యాలయపు మెట్లు తలెత్తుకునే దిగుతారు. తోడుగా శాఖ మొత్తం దిగుతుంది. ఆ ముప్పై ఒక్క ఇళ్లవారికీ కబురు వెళ్లింది, వారూ వస్తున్నారు.

తాతాజీ ఉత్తరానికి జవాబు మాత్రం నిన్న వచ్చింది. ఒక వాక్యం తక్కువైందట. విమానపు నమూనాల వంటి వ్యాపకములకు పాల్పడనని అతను కూడా హామీ ఇవ్వాలట. అతను జన్మలో ఒక్క విమానమూ చేయలేదు, చేసే నేర్పూ లేదు, మానుకోవడానికి అతని దగ్గర ఏమీ లేదు. ఇంకా నాలుగేళ్ల సర్వీసు ఉంది. అయినా అతను కూడా రాయడు.

శ్రీమతి శ్యామలాంబ గారు, వీరబాబు గారి సాహచర్యంలో, కంటిచూపు తగ్గక, చేతిపట్టు సడలక, రెజిన్‌లో బుడగ రాక, సంపూర్ణ ఆరోగ్యంతో, ఆ రెండో వాక్యం ఏ ఒక్కరికీ రాసివ్వకుండానే నిండు నూరేళ్లు జీవించాలని మనసారా కోరుకుంటున్నాము.